మీకు తెలుసా? చెరపని టేపు

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో పెట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌ పేరు కోదండపాణి ఆడియో ల్యాబ్స్. ఆ కోదండపాణి మన గుంటూరులో పుట్టినవాడు. గుంటూరోళ్లం మిర్చి యార్డు గురించి చెప్పుకున్నంతగా ఈయన గురించి చెప్పుకోం. చెప్పుకోవాలి.

1966 డిసెంబరు 15. విజయా గార్డెన్స్‌లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ పాట రికార్డింగ్. సంగీతం ఎస్పీ కోదండపాణి. పాడేవాళ్లు పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, గుంటూరు జిల్లా సుద్దపల్లికి చెందిన ఈలపాట రఘురామయ్య. వాళ్లతోపాటు ఇంజనీరింగ్ చదువుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడు, బాలు. అప్పట్లో గాయకులూ వాయిద్యకారులూ అందరూ ఒక్కచోట చేరి, ఒక్క టేకులో పాట ముగించాలి. ఎవరు తడబడినా మళ్లీ పల్లవి నుంచే.

టేపు ఖరీదైన సరుకు. పాట ఫిల్మ్ మీదికి ఎక్కాక అదే టేపు మీద ఇంకో పాట పట్టేవారు, పాతది చెరిగిపోయేది. కోదండపాణి మాత్రం రికార్డిస్టు స్వామినాథన్ దగ్గరికి వెళ్లి, దీన్ని చెరపకుండా ఉంచండి అని అడిగారు. తోటి సంగీత దర్శకులకు ఆ కొత్త గొంతు వినిపించాలని, కుర్రాడికి నాలుగు పాటలు దొరకాలని ఆయన తపన. తమ బాణీ వినిపించడానికి తిరిగేవాళ్లు చాలామందే ఉంటారు. ఇంకొకరి గొంతు కోసం తిరిగినవాళ్లు ఎందరని?

‘దేవత’, ‘సుఖదుఃఖాలు’, ‘పండంటి కాపురం’ పాటలు మనకిచ్చి, నలభై దాటిన కొద్దికే, 1974లో కోదండపాణి వెళ్లిపోయారు.

ఆ కాలంలో పాట పుట్టించినవాళ్ల చేతిలో పాట ఉండేది కాదు. రికార్డు హెచ్.ఎం.వి. లాంటి కంపెనీలది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో అచ్చయి మన ఊళ్లకు వచ్చేది. అందుకే సొంత గూడు కట్టుకోవాలని కొందరు పాటగాళ్లు తెగించారు. 1980లో జేసుదాసు తిరువనంతపురంలో ‘తరంగిణి’ పెట్టి, సొంత స్టూడియోలో పాడి, సొంత లేబుల్ మీద క్యాసెట్లు అమ్మారు. ఓణం పాటలతో అది కేరళ ఇంటింటికీ చేరింది. క్యాసెట్ల కాలం పోయి సీడీలు, వాటి వెనకే ఎంపీ3లు వచ్చేసరికి ఆ వెలుగు తగ్గింది.

మద్రాసులో అలాంటి సొంత గూటికి గురువు పేరు పెట్టుకున్న బాలు, సినిమాలు తీసినప్పుడు కూడా సంస్థకు ఆయన పేరే పెట్టారు: శ్రీ కోదండపాణి ఫిల్మ్ సర్క్యూట్. 1995లో ‘శుభసంకల్పం’ ఆ బ్యానర్ మీదే వచ్చింది. దర్శకుడు కె. విశ్వనాథ్‌ది రేపల్లె దగ్గర పెదపులివర్రు. ఆయనా సినిమాల్లోకి వచ్చింది వాహినిలో సౌండ్ విభాగం నుంచే.