కాలపు స్కేలు, కాగితపు వెడల్పు

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచినారు. ఈ రెండు తేదీల నడుమ 4,255 దినములు గడచినవి. ఆ కాలమంతటిని కాగితముమీద ఒక గీతగా చూపవలెనన్నచో, దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున ఇచ్చినను గీత నాలుగు మీటర్లు దాటును. సంవత్సరమునకు 15 మిల్లీమీటర్లు చాలుననుకొన్నచో, అడ్డముగా త్రిప్పిన ఏ-4 కాగితమున అది చక్కగా ఇముడును. కాని అందు వారము రోజులు మిల్లీమీటరులో మూడవవంతుకూడ ఉండవు. పని అదే, కాలము అదే. మారినది స్కేలు మాత్రమే.

పనులను కాలమునకు ఎదురుగా పట్టీలుగా గీయు ఈ పద్ధతికి గాంట్ పటమని పేరు. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ (1861-1919) వలన ఆ పేరు వచ్చినది. పోలండు దేశపు కరోల్ ఆదమియెత్స్కీ అంతకుముందే, 1896లో, ఇటువంటి పటమును రూపొందించినాడు. అది ఇంగ్లీషు చదువరులకు ఆలస్యముగా తెలిసినందున ఆ గౌరవము ఆయనకు దక్కలేదు. పటమున ఎడమవైపు పనుల పేర్లు ఒకదాని క్రింద నొకటి ఉండును. పైభాగమున కాలము. ప్రతి పని కెదురుగా, అది మొదలగు దినమునుండి ముగియు దినమువరకు ఒక పట్టీ.

రేడియో గల ఇండ్లవారికి ఇది బొత్తిగా క్రొత్త విషయము కాదు. దినకార్యక్రమ పట్టికలో అయిదు నిమిషముల ఎడముకూడ లెక్కకు వచ్చును. సంవత్సరపు ప్రణాళికలో ఆ అయిదు నిమిషములను ఎవరడుగుదురు?

ఇక మాడుగులపల్లి వైపు వత్తము. మిర్యాలగూడ ప్రాంతమునకు సాగరము ఎడమకాలువ నీరు ప్రాణాధారము. లాల్ బహదూర్ కాలువ యనునది దాని పేరే. అటువైపు ఒక మైనరు కాలువకు వేసవిలో మరమ్మతు జరుగవలసియున్న దనుకొందము. పూడిక తీయుట, గట్టుకు మన్ను వేయుట, సిమెంటు లైనింగు, అది గట్టిపడుటకు నీరు పట్టు దినములు, చివరకు తూము షట్టరు బిగించుట. ఇది మే 1న మొదలై జులై 9న ముగియవలెను. అనగా 70 దినములు. జులై 15న నీరు విడుతురని నిర్ణయమైన దనుకొన్నచో, నడుమ మిగిలినవి అయిదే దినములు.

పటమునకు కాగితముమీద 190 మిల్లీమీటర్ల చోటున్నదనుకొందము. సంవత్సరమంతయు చూపినచో దినమునకు అర మిల్లీమీటరు వచ్చును. మిగిలిన అయిదు దినములు రెండున్నర మిల్లీమీటర్లగును. షట్టరు పట్టీయు నీటి గుర్తును ఆనుకొన్నట్లే కనిపించును. మే 1 నుండి జులై 15 వరకు, 76 దినములను మాత్రమే చూపినచో దినమునకు రెండున్నర మిల్లీమీటర్లు వచ్చును. ఆ ఎడము పండ్రెండున్నర మిల్లీమీటర్లై కంటబడును. బోరునీటితో ముందుగా నారు పోసికొను రైతునకు తెలియవలసినది ఈ ఎడమే. పని ఆరు దినములు జరిగినచో ఎడము పోయినట్లే, నారు ముదురును. సంవత్సరపు పటముమీద ఆ ఆరు దినములు ఎవరికిని ఆనవు. పై అధికారులకు పంపు పటమునే పంచాయతీ గోడకు అంటించు అలవాటు నాకు సమ్మతము కాదు.

ఇప్పుడు ఈ పటములను కంప్యూటరుమీద గీయుచున్నారు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి కార్యక్రమములలో కాలపు స్కేలును మూడు వరుసలవరకు పెట్టుకొనవచ్చును. మరమ్మతు పటమునకు రెండు చాలును: పైన నెల, క్రింద వారము. వారమను మాటకు బదులు వారము మొదలగు తేదీని వేయించుట మేలు. ఇరువదియవ వారమన్నచో ఊరిలో ఎవరికి తెలియును? ప్రభుత్వ లెక్కలకైనచో సంవత్సరము ఏప్రిలుతో మొదలగునట్లు మార్చుకొనవచ్చును.

తెరమీద చూచుట వేరు, అచ్చు వేయుట వేరు. తెరమీద పటమును ప్రక్కకు జరుపుకొనవచ్చును, పెద్దది చేసికొనవచ్చును, కాగితము జరుగదు. తెరమీద దినములవారీగా చూచుచు అట్లే అచ్చునకు పంపినవారికి కాగితములు గుట్టగా వచ్చిపడును. వాటిని జిగురుతో అతికించి గోడకు తగిలించిన కార్యాలయములు లేకపోలేదు. పటమును ఒక పుటలో ఇముడ్చుటకు రెండు దారులున్నవి. పుటనంతటిని కుదించుట ఒకటి. అందు పట్టీలతోపాటు అక్షరములును చిన్నవగును, వయసు మళ్లినవారు చదువలేరు. కాలపు స్కేలునే మార్చుట రెండవది. దినములకు బదులు వారములు, వారములకు బదులు నెలలు పెట్టినచో పట్టీలు పొట్టివగును గాని అక్షరము అట్లే యుండును. ముందు ఈ రెండవ దారి పట్టి, ఇంకను కొద్దిగా మిగిలినచో మొదటిదానిని ఆశ్రయింపవలెను. అచ్చు వేయవలసిన తేదీలను ఇక్కడనుండి ఇక్కడివరకని నిర్ణయించుటయు మరువరాదు. లేనిచో పని లేని నెలలకుకూడ కాగితము ఖర్చగును. పుట కుడివైపున చోటు ఖాళీగా మిగిలినచో, స్కేలును పుట అంచువరకు సాగదీయు ఏర్పాటుకూడ ఉన్నది.

అచ్చువేసిన పటము అడుగున ఆ దినపు తేదీ తప్పక ఉండవలెను. గోడమీది పటము పదిదినముల నాటిదో, నిన్నటిదో రైతు అడుగకయే తెలిసికొనును.