పెరట్లోకి వచ్చిన జెర్రిపోతు

పాము అనగానే మనకు ముందు గుర్తొచ్చేది కర్ర. ఊరి చివర కొత్త కాలనీల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. గేటు పక్కన ఆరడుగుల పాము జరజరా పోతూంటే "అమ్మో, నాగుపాము!" అని ఎవరో కేక పెడతారు. నలుగురూ చేరి కొట్టేస్తారు. తీరా చూస్తే అది చాలాసార్లు జెర్రిపోతు. దానికి విషమే లేదు.

జెర్రిపోతుకు పడగ ఉండదు. కళ్ళు పెద్దవి, పెదవుల మీద నల్లని గీతలుంటాయి. పగటిపూట తిరుగుతుంది గనుకనే మన కంట పడుతుంది. మూలకు తరిమితే మెడ ఉబ్బించి గుర్రుమంటుంది. అదే పడగ అనుకుంటారు పాపం!

దీని మీద మనవాళ్ళు అల్లిన కథలు ఇన్నీ అన్నీ కావు. తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళిపోతుందట. తోకలో ఏ విషమూ లేదండీ. నాగుపాముకు ఇదే మగడట! పేరులో 'పోతు' ఉన్నందుకు కాబోలు. నిజానికి రెండూ వేరు వేరు జాతులు. జెర్రిపోతుల్లోనే ఆడవీ మగవీ ఉన్నాయి, ఆడది గుడ్లు పెడుతుంది. రెండు పాములు పెనవేసుకుని పైకి లేస్తే ఆలుమగలని దణ్ణం పెడతాం కదూ? జెర్రిపోతుల్లో అలా లేచేవి సాధారణంగా రెండూ మగవే. అది కుస్తీ!

మరి మనింటికెందుకు వస్తుంది? ఎలుకల కోసం. పెరట్లో చెత్త, ఇటుకల కుప్ప ఉంటే ఎలుకలు చేరతాయి. వాటి వెనక జెర్రిపోతే కాదు, నాగుపామూ రావచ్చు.

అందుకే భయం పూర్తిగా వదిలేయమనను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది పోయారని పరిశోధకుల అంచనా. కట్లపాము మరీ మోసం చేస్తుంది. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు, ముద్దమాట. మంచం, దోమతెర ఉంటే చాలావరకు రక్షణ.

ఏ పాము కరిచినా, జెర్రిపోతే అనిపించినా సరే, కట్టు బిగించకండి, కోయకండి, మంత్రాలతో పొద్దు పుచ్చకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది.

పాము కనిపిస్తే పిల్లల్ని లోపలికి పంపి, దూరం నుంచి ఓ కన్నేసి ఉంచండి. చాలాసార్లు దాని దారిన అదే పోతుంది. పోకపోతే అటవీశాఖవారికి కబురు చెయ్యండి. హైదరాబాదులో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు వచ్చి పట్టుకుపోతారు.