అన్నా ఆంకర్‌కు గురువు భర్త కాదు

డెన్మార్క్ చిత్రకారిణి అన్నా ఆంకర్ బొమ్మ కనిపిస్తే చాలు, కింద అదే మాట: భర్త మికేల్ దగ్గర నేర్చుకుని, ఇంటిపని అయ్యాక తీరిక వేళల్లో గీసేదట. ఇది నమ్మినవాళ్లు బొమ్మలో ఆమె చేతిని వదిలేసి భర్త చేతిని వెతుకుతున్నారు. చిత్రలేఖనం నేర్చుకునే అమ్మాయికి ఈ మాట ఏం చెబుతుంది? ముందు గీయడం వచ్చిన మొగుణ్ణి వెతుక్కోమనా?

ఒకసారి సంవత్సరాలు చూడండి. అన్నా 1859లో స్కేగెన్‌లో పుట్టింది. మికేల్ ఆ ఊరికి వచ్చింది 1874లో. మరుసటి ఏడాదే ఆమె కోపెన్‌హేగన్ వెళ్లి, చిత్రకారుడు విల్హెల్మ్ క్యూన్ ఆడవాళ్ల కోసం నడిపిన చిత్రకళా బడిలో మూడేళ్లు చదువుకుంది. రాయల్ అకాడమీలో 1888 దాకా ఆడవాళ్లకు ప్రవేశమే లేదు మరి. 1880లో పెళ్లి, షార్లొటెన్‌బోర్గ్ ప్రదర్శనలో తొలిసారి పాల్గొన్నదీ ఆ ఏడాదే. పెళ్లయింది కాబట్టి ఇక రంగులపెట్టెను సముద్రంలో పారేయమని క్యూనే సలహా ఇచ్చాడంటారు. ఆమె పారేయలేదు. 1883లో కూతురు హెల్గా పుట్టింది. 'వంటగదిలో పనిమనిషి' మొదలుపెట్టిందీ అప్పుడే, ముగించింది 1886లో. తీరిక వేళ పని ఇలా ఉంటుందా?

మికేల్ వేసింది జాలర్లను, పడవలను, పోటెత్తిన సముద్రాన్ని. ఆమె పట్టుకున్నది గదిలోకి వచ్చిన వెలుతురును. 1891 నాటి 'నీలిగదిలో ఎండ'లో హెల్గా మనవైపు వీపు పెట్టి కూర్చుని క్రోషే అల్లుకుంటోంది. నీలిగోడ మీద కిటికీ ఆకారంలో ఎండ పడింది, అందులో మొక్కల నీడలు. పిల్ల జుట్టు బంగారు రంగులో మెరుస్తోంది. కథంటూ ఏమీ లేదు, బొమ్మంతా ఆ ఎండే నడిపిస్తుంది. ఇందులో మికేల్ పాఠం ఎక్కడుంది?

ఊరు దాటని అమాయకురాలన్నదీ అబద్ధమే, 1889లో పారిస్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు ప్యూవి ద షావాన్ దగ్గర చదువుకుంది. అందమైన గదులే వేసిందనేవాళ్లు ఆమె బొమ్మ 'అంత్యక్రియలు' చూడాలి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. చిత్రకారులు బస చేసే సత్రం ఆమె తండ్రిదే కాబట్టి, చిన్నతనంలోనే ఆ లోకం గుమ్మంలోకి వచ్చింది. మికేల్ ప్రోత్సహించిన మాటా నిజమే. అయితే ప్రోత్సహించడం వేరు, నేర్పడం వేరు.

ఆమె గురించి రాసేటప్పుడు భర్త పేరుతో మొదలుపెట్టకండి. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి, పేర్లు మూసేసి, వెలుతురు ఎటు నుంచి వచ్చి దేని మీద ఆగుతోందో చూడండి. బొమ్మను మాత్రం స్కేగెన్ మ్యూజియం వాళ్ల సైట్ నుంచే తీసుకోండి, చేతులు మారిన ఫార్వర్డుల్లో ఆ నీలం మాసిపోతుంది.