ఆధి – వ్యాధి

మనోవేదనకు 'ఆధి' అనీ, దేహపీడకు 'వ్యాధి' అనీ పేరు. ఈ రెండింటినీ కలిపి 'ఆధివ్యాధులు' అని జంటగా పలకడం మన భాషకు అలవాటే. ఆసుపత్రులలో మాత్రం ఈ జంట చాలాకాలం విడివడి ఉండిపోయింది. గాయమెంతో నొప్పి అంత అన్నదే వైద్యుల లెక్క.

ఆ లెక్క యుద్ధరంగంలో తప్పింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇటలీలో క్షతగాత్రులను పరిశీలించిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులలో సుమారు ముప్పాతికమంది నొప్పి తగ్గించే మందు కోరనేలేదని 1946లో ప్రకటించాడు. శస్త్రచికిత్స చేయించుకొన్న సామాన్యపౌరులలో అత్యధికులు ఆ మందును అడిగారని కూడా తరువాత ఆయనే తెలిపాడు. ప్రాణాలతో యుద్ధం నుండి బయటపడ్డామన్న ఊరటయే సైనికుల నొప్పిని తగ్గించిందని ఆయన అభిప్రాయం.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు దీనికొక వివరణ ఇచ్చారు. నొప్పి వార్తలు మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో, ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదనీ, దానిని తెరవడానికీ మూయడానికీ మెదడు నుండి కూడా ఆజ్ఞలు వస్తాయనీ వారన్నారు. వివరాలు కొన్ని మారినా మూలభావన నిలిచింది. భయమూ దిగులూ ఆ ద్వారాన్ని తెరుస్తాయి. నొప్పి నిద్రను హరిస్తుంది. నిద్రలేమి దిగులును పెంచుతుంది. ఆ దిగులు మరల నొప్పినే పెంచుతుంది. వార్డులో దీపాలార్పిన తరువాత మూలుగులు హెచ్చడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అయితే నొప్పికి మనసుతో సంబంధం ఉన్నదన్న మాటను 'అంతా నీ భ్రమ' అనడానికి వాడుకోవడం అన్యాయం. రోగి పడుతున్న నొప్పి నిజమే. దానిని నమ్మనివారి ఎదుట అతడు మరింత కుంగిపోతాడు. 'ఏమీ కాదులే' అన్న పరామర్శ సైతం ఒక్కొక్కప్పుడు అతని నోరు మూయిస్తుంది.

మనసుకు ఊరట కలిగించేది చిన్నదైనా చాలు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల వివరాలను రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించాడు. కిటికీలో నుండి చెట్లు కనిపించినవారికి, ఇటుకగోడ కనిపించినవారికన్న తీవ్రమైన నొప్పిమందులు తక్కువగా అవసరమయ్యాయి. వారు ఇంటికి కూడా కొంత ముందుగానే వెళ్ళారు.

నర్సుగా, సంఘసేవకురాలిగా పనిచేసి, పిమ్మట వైద్యురాలైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో మరణాసన్నుల కోసం ఆశ్రయాన్ని స్థాపించింది. దేహం, మనసు, కుటుంబం, విశ్వాసం ఈ నాలుగింటి బాధనూ కలిపి ఆమె 'సమగ్రవేదన' అన్నది. ఈ దృష్టి 1993లో కేరళలోని కోజికోడ్‌కు చేరింది. అక్కడి స్వచ్ఛందసేవకులు రోగుల ఇళ్ళకే వెళ్తారు. మందులతోపాటు, అవసరమైన కుటుంబాలకు బియ్యమూ, పిల్లల చదువుకు సాయమూ అందిస్తారు.