అల్లరి బిడ్డయు పరాయి వీధియు

సొంత యూరిలో బిడ్డ యల్లరి చేసినచో "తాతపోలిక వచ్చినది" అని నవ్వుదురు. పరాయి యూరిలో అదే యల్లరికి "తల్లి పెంపకము చాలదు" అందురు. ఈ రెండు మాటల నడుమ నేను ఎనిమిదేండ్లు గడపితిని. నావంటి సోదరీమణులు మరికొందఱుందురను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది ఖమ్మము ప్రాంతము. నా భర్తగారు ఉపాధ్యాయులు. ప్రైవేటు పాఠశాలలలో ఉద్యోగము గనుక మొదట జగిత్యాలకు, పిమ్మట కోరుట్లకు, 2023లో సిరిసిల్లకు చేరితిమి. మా చిన్నవాడు 2017లో పుట్టెను. కాళ్లు వచ్చిన నాటినుండి వానికి నడక తెలియదు, పరుగే. కూర్చుండి ముద్ద తినిన పూట లేదు. అఱువదిమంది పిల్లలను కనుసన్నతో కూర్చుండబెట్టు మాస్టరుగారు వీని నొక్కనిని పది నిమిషములు కూర్చుండబెట్టలేకపోయిరి. (ఈ మాట చదివి వారు నవ్విరే గాని కొట్టివేయుమనలేదు.)

జగిత్యాలలో ఇరుగుపొరుగువారు కొండగట్టు అంజన్న కడకు తీసికొనిపొమ్మనిరి. మనసు నిలుకడ తప్పినవారిని ఆ కొండపై దినములతరబడి ఉంచి స్వామిసేవ చేయించుట ఆ ప్రాంతపు టాచారము. పోయితిమి. అచ్చటి కోతులే మావానిని జూచి జంకినవి. నాకు మాత్రము ఆ మెట్లపై ఉత్తరకాండలోని కథ జ్ఞప్తికి వచ్చెను. ఆ స్వామియే బాల్యమున మునుల యాశ్రమములలో చొరబడి, యజ్ఞపాత్రలు విఱుగగొట్టి, నారచీరలు చింపి, శాపము తెచ్చుకొనెను గదా! అంజనాదేవి మఱునాడు ఆ మునిపత్నుల యెదుట ఎట్లు తలయెత్తి తిరిగెనో కవులు వ్రాయలేదు.

కోరుట్లలో మా వీధిలోని యరుగుల మీద స్త్రీలు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచుండిరి. వారిలో పలువురి భర్తలు దుబాయి, మస్కటులలో నున్నారు. కష్టము సమానమగుటచే కాబోలు, ఒకరి బిడ్డ మరియొకరి యరుగుపై నిదురించును. మేము మాత్రము అద్దెకు వచ్చిన "సారోళ్లము". 2021లో సద్దుల బతుకమ్మనాడు అందఱును వలయముగా నిలిచి పాట యెత్తుకొనిరి. మావాడు నా చేయి వదలించుకొని నడుమకు ఉరికెను. తంగేడు, గునుగు పూలతో ఒక యింటివారు పొద్దుటినుండి పేర్చిన పెద్ద బతుకమ్మ ఒఱగి చెదరిపోయెను. పాట ఆగిపోయెను. ఎవరును తిట్టలేదు. తిట్టినను బాగుండెడిది. ఆ యింటి ముసలామె పసుపుగౌరమ్మను ఏఱి కన్నుల కద్దుకొని లోనికి పోయెను. మరుసటి యేడు మా గడపకు పిలుపు రాలేదు.

ఆనాటినుండి నేను బిడ్డను బిడ్డకొఱకు గాక వీధికొఱకు పెంచనారంభించితిని. వాడేదైన తప్పుచేసినచో నలుగురు చూచునట్లు కొట్టుదును. ఇంటిలో అంతకంటె పెద్ద తప్పు చేసినను ఊరకుందును. ఆ దెబ్బ వానికి గాదు, "ఈ తల్లి అదుపులోనే పెట్టుచున్నది" అని చూచువారికి చెప్పుట.

సిరిసిల్లలో మేము దిగినది పద్మశాలీల వీధి. ప్రొద్దుటినుండి సాంచాల చప్పుడు. సాంచా నడుపువారికి కూలి మీటరు లెక్కన. ఒకనాడు మావాడు ప్రక్క షెడ్డులో చొరబడి, పడుగు పోగులను వీణతీగలవలె మీటెను. ఎన్నో పోగులు తెగెను. వానిని అతుకుకొనుటకు ఆ కార్మికునికి సగము పూట పట్టినది, అనగా సగము పూట కూలి పోయినది. వాని చేయి తిరుగుచున్న పట్టాలో పడకపోవుట మా పూర్వపుణ్యము. వీధిలోనే కొట్టితిని. మఱునాడు వంట ముగియువఱకు పాతచీర పేలికతో వసారా స్తంభమునకు కట్టితిని. భాగవతమున యశోద ఎంత త్రాడు తెచ్చినను రెండంగుళములు తక్కువయ్యెను. నాకు పేలిక సరిపోయినది. అదియే నాకు నేటికిని నొప్పి.

ఎదురింటి యవ్వ కండెలు చుట్టుట విడిచి వచ్చి, ఒక మాటయు ననక ముడి విప్పెను. పిదప, "గొడ్డును గట్టేసినట్టు గట్టేసినవేంది బిడ్డా? పోరనికేమైంది?" అని యడిగెను.

మూడు నెలలకు ముందే కరీంనగరములో వైద్యుడు సంగతి చెప్పియుండెను. అత్తగారికి సైతము చెప్పక దాచినదానిని ఆ యవ్వకు చెప్పితిని.

వైద్యులు దీనిని ఏడీహెచ్‌డీ యందురు. మనసు ఒకచోట నిలువకపోవుట, మితిమీఱిన చాంచల్యము, ఆలోచనకు ముందే చేయి కదలుట దీని లక్షణములు. నూటికి ఇంచుమించు అయిదుగురు పిల్లలకుండును. ఇంటను బడిలోను గూడ, కనీస మాఱునెలలు, చదువుకును నడవడికిని అడ్డమగునంతగా ఉన్నప్పుడే ఈ పేరు పెట్టుదురు. అల్లరిపిల్లల కందఱికిని కాదు. ఆడపిల్లలలో ఇది తఱచు పరుగుగా గాక పరధ్యానముగా నుండును. పాపము, వారిని "మొద్దు" అని ఊరకుందురు. 1902లోనే లండనులో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు, బుద్ధికి కొఱత లేకయే తమ్ము తాము ఆపుకొనలేని పిల్లలను గూర్చి ఉపన్యసించెను. దానిని నీతికి సంబంధించిన లోపముగా ఆయన పేర్కొనుట నేడు చెల్లదు. ఇది ఎక్కువగా వంశమునుబట్టి వచ్చునదనియు, తల్లి పెంపకముచే పుట్టునది కాదనియు నేటి శాస్త్రము. ఆఱేండ్లలోపు బిడ్డలకు ముందు మందు గాదు, తలిదండ్రులకు శిక్షణ. పిదప మందు కావలయునా యనునది వైద్యుని నిర్ణయము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పిల్లలలో చూడవలసిన ముప్పది స్థితులలో ఇదియు నొకటి. అంగన్‌వాడీలోనో ప్రభుత్వపు బడిలోనో ఉన్న బిడ్డయైనచో ఆ వైద్యబృందమువారిని అడుగవచ్చును.

అవ్వకు ఆ పేరు నోరు తిరుగలేదు. తనకు తెలిసినదానిని తాను చెప్పెను: "మా చిన్నోడు గిట్లనే ఉండె. బడిల కొట్టిరి, నేను గూడ శానా కొట్టిన. అయిదో తరగతిలనే బడి మానె. ఇప్పుడు భివండిల సాంచాలు నడుపుతుండు." ఆమె కన్నులు తుడుచుకొనలేదు. కండెల బుట్ట నెత్తుకొని పోయెను.

సాయంకాలమునకు వీధియంతకును తెలిసినది. నేను సిగ్గుతో తలుపు మూసికొంటిని. తెల్లవారి చూడగా షెడ్డు వాకిటికి అడ్డకఱ్ఱ బిగించియున్నది. నేను అడుగలేదు.

వైద్యుడు చెప్పినవానిలో నాకు పనికివచ్చినవి కొద్ది. దూరమునుండి కేకవేయక, దగ్గఱకు పోయి భుజముపై చేయివేసి, ఒక్క పనియే చెప్పుట. చేసిన మఱుక్షణమే మెచ్చుట. సాయంత్రము మెచ్చినచో వానికి లెక్కలేదు. పదిమందిలో మందలింపకుండుట నాకు అన్నిటికంటె కష్టమైనది, పూర్వపు టలవాటు చేతిలోనే యుండెను. అవ్వ తన యరుగుపై ఖాళీ కండెలను రంగుల వారీగా ఏఱి బుట్టలలో వేయుమని వానికి ఆటగా నేర్పెను. మొదటిసారి వాడు పావుగంట కూర్చుండుట నేను కిటికీనుండి గడియారము చూచుచు లెక్కించితిని.

కుదురుకొన్నాడని యనుకొనకుడు. నెలదినములలోనే ఆ బుట్టలను కాలువలో దింపి పడవలు చేసెను.

2024లో సద్దుల బతుకమ్మకు అవ్వ స్వయముగ వచ్చి పిలిచెను. నేను రాననగా, "పోరన్ని తీస్కరా" అని మాత్రమనెను. వానిచేత గునుగుపూలు అందింపజేసినది. పాట మొదలైనప్పుడు వాని మణికట్టు ఆమె చేతిలో నుండెను. మూడవ పాటకు వాడు జాఱిపోయి మానేరు దారిపట్టెను. నేను వలయము విడిచి పోబోవుచుండగా ప్రక్కనున్నామె నా చేయి వదలలేదు. అప్పటికే షెడ్డులోని యువకుడొకడు చెప్పులు తొడుగుకొనక వాని వెంట పరుగెత్తుచుండెను.