నొప్పి లేని వ్యాధి

దేహమునందు బాధ పుట్టినప్పుడే రోగమున్నదనియు, బాధ శమించినంతనే రోగము తొలగినదనియు తలంచుట మనకు తరతరములుగా వచ్చిన నమ్మకము. జ్వరము విషయమునను, గాయము విషయమునను ఆ నమ్మకము చాలవఱకు చెల్లుచు వచ్చినది. రక్తపోటు విషయమున మాత్రము అదియే ప్రాణము తీయుచున్నది.

తెలంగాణములోని యొక పల్లెటూరి ఆరోగ్య కేంద్రమున, బల్లమీద కూర్చున్న వృద్ధురాలి జబ్బకు నర్సు పట్టీ చుట్టి చూడగా పైయంకె 180 దాటినది, క్రిందియంకె 100కు చేరినది. "గోలీలు ఏసుకుంటున్నవా అవ్వా?" అని యడుగగా, ఆమె కొంగుముడి విప్పి, సగము మాత్రలు మిగిలియున్న అట్టను చూపి, "తల తిరుగుతలేదు బిడ్డా, మంచిగనే ఉన్న. ఇంకెందుకని బంద్ జేసిన" అనెను. ఈ జవాబును విని నవ్వుకొనువారు కలరు. కాని తల తిరుగుటయే వ్యాధియనియు, మాత్ర దానికే మందనియు గ్రహించిన మనిషి, తల తిరుగుట ఆగిన పిదప మాత్ర మానుటకన్న సబబైన పని యేమున్నది? లోపము ఆమె ఆలోచనయందు లేదు. రెండు నిమిషములలో చీటీ వ్రాసి పంపివేసిన మనయందున్నది.

ఆమెకు చెప్పవలసిన మాట పెద్దది కాదు. గుండె ముడుచుకొనునపుడు నాళపు గోడలపై పడు ఒత్తిడి పైయంకె. గుండె విశ్రమించునపుడు మిగులు ఒత్తిడి క్రిందియంకె. వేర్వేఱు దినములలో కొలిచినను పైది 140గాని, క్రిందిది 90గాని, అంతకు మించిగాని యున్నచో వైద్యులు దానిని అధిక రక్తపోటని నిర్ణయింతురు. ఆ యొత్తిడి యేండ్ల తరబడి నాళములను గట్టిపఱచి, గుండె కండరమును దళసరి చేసి, మూత్రపిండములలోని సన్నని నాళములను చెఱచి, కంటిచూపును దెబ్బతీసి, తుదకొకనాడు మెదడులో నాళము పగులుటవలననో పూడుటవలననో పక్షవాతమై బయటపడును. అంతవఱకు చాలమందికి తలనొప్పియైనను రాకపోవచ్చును. కొలిచి చూచుట తప్ప దీనిని కనిపెట్టుటకు వేఱు మార్గము లేదు.

చేతికందిన మాత్ర విలువ తెలియవలెనన్న, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టును తలచుకొనవలెను. ఆయన రక్తపోటు పెరుగుచున్నట్లు వైద్యులు కొలిచి వ్రాసికొనుచునే యుండిరి. దానిని దింపగల మంచి మందు నాటికి లేకపోవుటచే, 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన మరణించెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ మన సర్పగంధి వేరు రక్తపోటును తగ్గించుచున్నదని బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించెను. దానికంటె మేలైన మందులు తరువాత నెన్నియో వచ్చినవి. నాడు దేశాధినేతకు దొరకని చికిత్స నేడు ఎమ్లోడిపిన్ మాత్రగా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా నిచ్చుచున్నారు. 2017లో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు ఎన్నుకొన్న తొలి అయిదు రాష్ట్రములలో తెలంగాణము నొకటి.

"ఒకసారి మొదలుపెడితే బతికినన్నాళ్లూ వేసుకోవాలి, అలవాటైపోతుంది" అను భయము చదువుకొన్నవారిలోను గలదు. మాత్ర ఆ యవసరమును పుట్టింపలేదు, వ్యాధి పుట్టించినది. అంకె దిగినదనగా మందు పనిచేయుచున్నదని యర్థము. ఇక ఉప్పు సంగతి. దినమునకు 5 గ్రాములకు లోబడియుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పగా, ఆవకాయ, అప్పడము, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు చేరిన మన విస్తరి ఆ హద్దును సులభముగా దాటిపోవును. సైంధవలవణమైనను ఉప్పే. మోకాళ్ల నొప్పులకు దుకాణమున కొని మ్రింగు మాత్రలలో పెక్కు రక్తపోటును పెంచునవే యని మన యిండ్లలో నెందఱికి తెలియును?

పాఠకులారా, ఈసారి వైద్యుని యొద్దకు పోయినపుడు అయిదు నిమిషములు ప్రశాంతముగా కూర్చుండి, వీపు ఆనించి, చేయి గుండె యెత్తున నుంచి, మాటాడక కొలిపించుకొనుడు. వచ్చిన రెండంకెలను అడిగి తెలిసికొని, తేదీతో కూడ చీటీమీద వ్రాయించుకొనుడు. మీ యింట పెద్దవారు మాత్ర మానివేసియుండినచో కోపింపక, ఎందుకు మానిరో అడిగి తెలిసికొనుడు.