ఆవిరియంత్రముల కథలలో సంపాదకుడు వెదకునది

కాగుచున్న నీటిపాత్రపై మూత ఎగిరిపడుట చూచి జేమ్స్ వాట్ ఆవిరియంత్రమును కనిపెట్టెనని మనమందరము బడిలో చదువుకొన్నవారమే. అది కట్టుకథ. న్యూకొమెన్ నిర్మించిన ఆవిరియంత్రము 1712 నాటికే గనులలో నీరు తోడుచుండెను. దానిలో వృథాయగు ఆవిరిని, బొగ్గును మిగుల్చుటకు వాట్ ఒక ప్రత్యేకమైన కండెన్సరును కల్పించి 1769లో పేటెంటు పొందెను. చరిత్ర ఇట్లుండగా కట్టుకథ ఎందులకు నిలిచినది? కండెన్సరు బాలునకు పట్టదు. మూతవంక ఆశ్చర్యముతో చూచు పిల్లవాడు పట్టును. యంత్రము కంటె యంత్రమును చూచు మనుష్యుడే కథకు ప్రాణమను సంగతి ఇందువలన తెలియుచున్నది. ఈ వ్యాసమున చెప్పబోవు విషయమున కిదియే తొలిమెట్టు.

ఆంగ్ల కథాసాహిత్యమున ‘స్టీమ్‌పంక్’ అను శాఖ యొకటి కొన్ని దశాబ్దములుగా వర్ధిల్లుచున్నది. విద్యుత్తును పెట్రోలును లోకము నాక్రమింపక, ఆవిరియే సర్వశక్తియై నిలిచియుండినచో ప్రపంచమెట్లుండెడిది? ఈ ప్రశ్నయే దానికి పునాది. ఇత్తడిచక్రములతో లెక్కలు కట్టు యంత్రములు, బొగ్గుతో నడచు గగననౌకలు, కీళ్లతో కదలు లోహపురుషులు అందలి సామగ్రి. 1987లో కె. డబ్ల్యు. జీటర్ అను అమెరికా రచయిత ‘లోకస్’ పత్రికకు వ్రాసిన లేఖలో, తానును టిమ్ పవర్స్, జేమ్స్ బ్లేలాక్ అను మిత్రులును వ్రాయుచున్న కథలకు పరిహాసముగా పెట్టిన పేరిది. పరిహాసమే స్థిరపడినది. 1990లో విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలసి ‘ది డిఫరెన్స్ ఇంజిన్’ అను నవలను ప్రకటించిరి. చార్లెస్ బాబేజి తన గణనయంత్రముల నిర్మాణమున కృతకృత్యుడైయుండినచో ఇంగ్లండు ఎట్లు మారియుండెడిదో అందలి ఇతివృత్తము. మరుసటి యేడే, 1991లో, లండను సైన్సు మ్యూజియమువారు బాబేజి గీసిన పటముల ననుసరించి ఒక యంత్రమును నిర్మించి చూడగా అది లెక్క తప్పక పనిచేసెను. ఊహకును వాస్తవమునకును నడుమ దూరము ఒక్కొక్కప్పుడు అంత స్వల్పము.

పేరు క్రొత్తదేగాని వంశము ప్రాచీనము. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1880లో వ్రాసిన ‘ఆవిరి ఇల్లు’ అను నవలలో ఒక ఉక్కుటేనుగు ఆవిరి బలముతో నడచుచు, చక్రములు గల రెండు ఇండ్లను ఉత్తర హిందూదేశమున లాగుకొనిపోవును. ఆయన సృష్టించిన నీమో కెప్టెన్ బుందేల్‌ఖండ్ రాకుమారుడని 1875 నాటి ‘మిస్టీరియస్ ఐలండు’ నవలలో వెల్లడియైనది. మన తెలుగువారికిని ఇట్టి కల్పన పరాయిది కాదు. కీలుగుఱ్ఱమెక్కి ఆకసమున పోవు రాకుమారుని కథ వినని బాల్యము మనలో అరుదు. 1949లో ఆ పేరుతో చలనచిత్రమును వచ్చినది. అయితే ఒక్క భేదము కలదు. కీలుగుఱ్ఱము ఎట్లెగిరెనని మనమడుగము. స్టీమ్‌పంక్ కథలో మాత్రము అడుగువాడొకడు కూర్చుండియుండును. ఆయనయే సంపాదకుడు.

సంపాదకుడు మొదట చూచునది యంత్రమునకు బరువున్నదా యని. 1852 సెప్టెంబరు 24వ తేదీన హెన్రీ జిఫార్ అను ఫ్రెంచి ఇంజనీరు ఆవిరియంత్రము అమర్చిన గగననౌకలో పారిసునుండి 27 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. ఆ యంత్రము శక్తి 3 అశ్వబలములు. పైన సంచి నిండ మండెడి వాయువు. క్రింద నిప్పుల కొలిమి. అందువలన ఆయన పొగగొట్టమును పైకిగాక క్రిందికి త్రిప్పి అమర్చెను. ఆ త్రిప్పిన పొగగొట్టము నెరిగిన రచయితకు ఒక కథ సిద్ధముగా నున్నట్లే. ‘బ్రహ్మాండమైన గగననౌక రివ్వున లేచెను’ అని మాత్రము వ్రాసినవానికి ఏమియు చేతికి రాదు. బొగ్గునకు బరువు కలదు, నీరు తరుగును, చల్లారిన బాయిలరులో ఆవిరి పుట్టుటకు గంటలు పట్టును. కొలిమి చల్లగానున్న వేళ శత్రువు వాకిట నిలిచినచో నాయకుడేమి చేయును? ఈ ప్రశ్న పుట్టినంతనే కథ కదలును. అడ్డంకులు లేని యంత్రము మంత్రదండమే; దానికి ఆవిరి యేల?

రెండవది అలంకారమునకును అవసరమునకును గల భేదము. టోపీమీద నాలుగు పండ్లచక్రములంటించి, నాయిక కన్నులకు ఇత్తడి అంచుల కండ్లద్దములు తగిలించినంతమాత్రమున కథ ఆవిరియుగపుది కాదు. ఇందుకొక పరీక్ష కలదు. కథలోనుండి ఆవిరియంత్రమును తీసివైచి దాని స్థానమున నేటి మోటారుకారును పెట్టి చదువవలెను. కథ ఏమియు చెడకున్నచో ఆ యంత్రము అచట అనవసరమన్నమాట. ప్రతి తీసివేయబడిన నగవలె కథకు అది భారమే. ఇట్టి ప్రతులే సంపాదకుని బల్లపై హెచ్చుగా పేరుకొని, హెచ్చుగా తిరిగిపోవును.

మూడవది ఎత్తుగడ. తాను కల్పించిన లోకమునకు చరిత్ర, భూగోళము, రాజవంశావళి మొదటి మూడు పుటలలో బోధింపవలెనని నూతన రచయితకు తొందర. పాఠము చెప్పు అలవాటు గల మనవంటివారికి ఈ దోషము మరింత సహజము! కొలిమిముందు నిలిచి చేయి కాల్చుకొన్న బాలుని చూపినచో, ఆ లోకమున బాలురచే పని చేయింతురనియు, ఆ పని ప్రమాదమనియు, దాని నడ్డువారు లేరనియు పాఠకుడు తానే గ్రహించును.

ఇక ఆవిరికి అనురాగమును జోడించిన కథలు. 2009లో గెయిల్ కారిగర్ వ్రాసిన ‘సోల్‌లెస్’, 2010లో మెల్జీన్ బ్రూక్ వ్రాసిన ‘ది ఐరన్ డ్యూక్’ ఈ మార్గమున పేరొందిన నవలలు. ప్రణయకథకు ఆంగ్ల ప్రచురణకర్తలు రెండు నియమములు విధింతురు: ప్రణయమే కథకు వెన్నెముక కావలెను, ముగింపు సుఖమునో, కనీసము ఆశనో మిగుల్పవలెను. ఆవిరియు ప్రణయమును వేర్వేరు పట్టాలమీద నడచిన కథ సంపాదకునకు రుచింపదు. ప్రేమకు వచ్చు అడ్డంకి ఆ యంత్రమునుండియే, ఆ కాలమునుండియే పుట్టవలెను.

ఒక ఉదాహరణము చూతము. 1860 ప్రాంతపు ఇంగ్లండులో ఒక యువతి స్వయముగా ఒక యంత్రమును నిర్మించినదనుకొందము. నాటి ధర్మశాస్త్రము ప్రకారము వివాహమైన మరుక్షణమున ఆమె చరాస్తి భర్తదగును. వివాహితకు తన ఆస్తిపై సంపూర్ణమైన హక్కునొసగిన శాసనము 1882లోగాని రాలేదు. ఆమెను మనసార ప్రేమించిన ఉత్తముడొకడు వచ్చి పెండ్లాడుమని అడిగెను. అతనియందు దోషము లేదు. ఆమెకును ప్రేమ కలదు. కాని ‘సరే’ యన్నచో యంత్రము పోవును, ‘కాదు’ అన్నచో అతడు పోవును. ఇచట ప్రతినాయకుడు అక్కరలేదు. వారిద్దరును కలసి ఆ చిక్కును విప్పుకొన్న తీరే కథ. యంత్రమును తీసివైచినచో ప్రేమకథ కూలును. ప్రేమను తీసివైచినచో యంత్రము తుప్పుపట్టును. సంపాదకుడు కోరు జోడింపు ఇదియే.

చివరి ప్రశ్న అన్నింటికంటె బరువైనది. ఈ ఆవిరికి మూల్యమెవరు చెల్లించిరి? విక్టోరియా రాణి కాలమును మెరయు ఇత్తడిగా మాత్రమే చూపు కథలు చాల వచ్చినవి. మనకు ఆ ఆవిరి మరొక విధముగా జ్ఞాపకము. 1853 ఏప్రిల్ 16న బొంబాయినుండి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు మూడు ఇంజనులతో బయలుదేరినది. పాతికేండ్లు గడవకమునుపే, 1876-78లలో, బళ్లారి, కర్నూలు, కడప మండలములు ఘోరక్షామమున పడినవి. రైళ్లు ధాన్యము తెచ్చినమాట నిజము. ఆ దినములలోనే ఈ దేశపు ధాన్యము ఓడలలో విదేశములకు పోవుచుండినమాటయు నిజము. కొనుటకు కాసులేని కూలివానికి స్టేషనులో దిగిన బస్తా అన్నము కాలేదు. ఈ సంగతి నెరిగి వ్రాసినవాని ఆవిరికథకు వేరొక గాంభీర్యము వచ్చును. నిసి షాల్ 2016లో ప్రకటించిన ‘ఎవర్‌ఫెయిర్’ నవల ఇందుకు తార్కాణము. బెల్జియము రాజు లియొపోల్డు పాలనలో రబ్బరుకొరకు నలిగిన కాంగో ప్రజలకు ఆవిరియంత్రములే ఆయుధములై యుండినచో చరిత్ర ఎట్లు మారెడిదో ఆమె ఊహించినది. ఇంజనుపెట్టెలో బొగ్గు పోయువానిని కథలోనికి పిలిచిన రచయిత వంక నేటి సంపాదకులు ప్రత్యేకముగా చూచుచున్నారు.

ఇట్టి చూపు గల సంపాదకులు మనలోను లేకపోలేదు. 1905లో బేగం రొకియా ఆంగ్లమున వ్రాసిన ‘సుల్తానా కల’ అను కథ మద్రాసునుండి వెలువడిన ‘ఇండియన్ లేడీస్ మేగజీన్’లో అచ్చయినది. అందు పురుషులు ఘోషాలో నుందురు. స్త్రీలు సూర్యరశ్మితో వంట చేయుదురు, మేఘములనుండి నీరు దింపుదురు, గగనయానమున తిరుగుదురు. ఇది ఆవిరికథ కాదుగాని దానికి తోబుట్టువే. ఆ పత్రికను 1901లో స్థాపించి నడపిన సంపాదకురాలు కమలా సత్తియనాథన్ తెలుగు కుటుంబమున పుట్టిన విదుషీమణి. ఆ విచిత్రయంత్రముల వెనుక, చదువునకు నోచుకొనని స్త్రీల వేదన యున్నది. నేటికిని ఆ కథ పాఠ్యమై నిలుచుటకు ఆ వేదనయే కారణము.

ఉపాధ్యాయులు ఒక తరగతిలో ఈ ప్రయోగము చేసి చూడవచ్చును. ‘మన యూరికి ఆవిరియంత్రము నూరేండ్లు ముందుగా వచ్చియుండినచో’ అని బల్లమీద వ్రాసి విద్యార్థులచే కథలు వ్రాయింపవలెను. పిమ్మట ప్రతి కథకును మూడు ప్రశ్నలు వేయవలెను. యంత్రము లేకున్నను కథ నడచునా? యంత్రము దేనిని చేయజాలదు? దానివలన బాగుపడినదెవరు, చెడినదెవరు? మొదటి ప్రశ్నకు తడబడిన పిల్లవాడు మూడవదానికి తప్పక తన యింటివారినో, పొరుగువారినో జ్ఞాపకము చేసికొనును. అప్పుడు వాడు మూతను గాక, మూతవంక చూచువానిని వ్రాయనారంభించును.